ఎర్రగుడ్డ రాలేదు

గుమ్మడిపాళెం,
6 ఆగస్టు 1962, సోమవారం.

ఈ రోజు పనులు: గాదె అడుగు పేడతో అలికాను. విత్తనపు వడ్లు ఎండబోసి, వేపాకు కలిపి మళ్లీ గాదెలో పోశాను. ఇంటి మీదికి వంగిన మునగ కొమ్మలు కొట్టించాను. కొత్త కొబ్బరి తాడు నానబెట్టాను. అగ్గిపెట్టెలు డబ్బాలో పెట్టి మూత చుట్టూ మైనం పూశాను. మిగిలిన పని నీకు ఉత్తరం రాయడం.

నా బంగారు కుమారికి,

అక్క దీవెనలు. మరిదిగారికి నా వందనాలు చెప్పు.

వానలకు ఇంకా రెండు నెలలుండగానే అక్క మొదలుపెట్టిందని నవ్వుకుంటావు. నవ్వుకో. మబ్బు పట్టిన తర్వాత కోవూరు అంగడికి పోతే తాడు ధర రెట్టింపు చెబుతారు. పైగా పెన్నేరు పొంగినప్పుడు తాడుకోసం వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? అటకకు రెండు దూలాలు అదనంగా వేయించాను. ఇంటి పత్రాలు, బైబిలు మైనపు గుడ్డలో చుట్టి పైన పెట్టాను. అటుకులు, బెల్లం వచ్చే నెలలో.

పోయిన ఏడు మరిదిగారి ఎర్రగుడ్డ మూడుసార్లు వచ్చింది. మద్రాసు నుంచి బిట్రగుంట స్టేషనుకు తుఫాను తంతి రాగానే ఆయన పాత జెండాలోంచి పేలిక చింపి సాయంత్రం ప్యాసింజరు గార్డు చేతికి ఇవ్వడం, గార్డు దాన్ని తలమంచి స్టేషనులో దింపడం, తెల్లవారి అక్కడ పాలు పోసి వచ్చే గంగాధరం దాన్ని తన ఖాళీ క్యానుకు కట్టుకొని మన వీధిలోకి రావడం, ఈ ఏర్పాటంతా ఆయన పుణ్యమే. సైకిలు కనబడగానే పిల్లలు "గుడ్డొచ్చింది, గుడ్డొచ్చింది" అని అరుస్తారు. నేను గొడుగు తీసుకొని వీధంతా తిరుగుతాను. ఏటి ఒడ్డున చేపలు పట్టుకునే ఇళ్లవాళ్లు కూడా మూటలు కట్టుకొని మన బడి మిద్దె మీదికి వస్తారు. మూడుసార్లూ అలాగే వచ్చారు. మూడుసార్లూ తుఫాను మద్రాసు వైపో బందరు వైపో వెళ్లిపోయింది. వాళ్లు తడిసిన మూటలతో తిరిగి దిగిపోయారు.

అప్పటినుంచి నాకు 'తుఫానమ్మ' అని పేరు. మన సంఘ పెద్ద జీవానందం గారైతే మొన్న ఆరాధన అయిన తర్వాత అందరిముందూ, "ఏమ్మా, వచ్చే ఆదివారం ప్రభు భోజన సంస్కారం పెట్టుకోవచ్చునా, లేక నీ తుఫానేమైనా వస్తా ఉందా?" అని అడిగాడు. "వస్తే మీకే ముందు చెప్తానన్నా, మీ ఇల్లే పల్లంలో ఉండేది" అన్నాను. అందరూ నవ్వారు. మీ బావ మాత్రం నవ్వలేదు.

మీ బావ వచ్చే వారం ఎడ్ల కోసం కావలి వస్తున్నారు. మీ ఇంట్లో ఒక రోజు ఉంటారు. మూడు గుడ్డలూ ఉతికి మడతపెట్టి ఆయన చేతికి ఇస్తున్నాను. రైల్వే వారి సొత్తు మన ఇంట్లో ఎందుకు? ఈ ఏడు మళ్లీ అవే పంపవచ్చు. గోంగూర పచ్చడి జాడీ కూడా ఉంది, జాడీ తిరిగి పంపు.

నీ అక్క,
ఎలిశబెతు.

*

బిట్రగుంట రైల్వే కాలనీ,
21-8-62.

ప్రియమైన అక్కకు,

బావ క్షేమంగా వచ్చి వెళ్లారు. పచ్చడి బాగుంది. జాడీ బావ చేతికే ఇచ్చాను.

బావ బాగా చిక్కిపోయారు అక్కా. నువ్వు గమనించావో లేదో. ముద్ద కలుపుకొని అలాగే కూర్చున్నారు. ఆయన మనసు కష్టపెట్టే మాట ఎవరన్నా నాకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. అమ్మా నాన్నా ఒకే వారంలో పోతే తొమ్మిదేళ్ల నన్ను భుజాన వేసుకొని వచ్చింది ఆయనే గదా. నెల్లూరు బోర్డింగు బడి ఫీజుకు దూడను అమ్మింది ఆయనే. ఇవన్నీ నీకు తెలియనివి కావు, ఎందుకో రాయాలనిపించింది.

ఈసారి వానలు తక్కువని ఇక్కడ అందరూ అంటున్నారు. నువ్వు ప్రతిదానికీ కంగారుపడి ఆరోగ్యం పాడుచేసుకోకు. వీధిలో వాళ్ల బాగోగులన్నీ నీ నెత్తిన వేసుకోవడం ఎందుకు? ఎవరి జాగ్రత్త వాళ్లు చూసుకుంటారు.

గుడ్డలు అందాయి. ఆ సంగతి ఈయన చూసుకుంటారు. స్టేషనులో కొత్త పెద్దబాబు వచ్చాడు, కాస్త కోపిష్టి.

నీ చెల్లెలు,
ఆనందకుమారి.

*

గుమ్మడిపాళెం,
10 అక్టోబరు 1962.

పనులు: గడ్డివామి మీద వల కప్పి రాళ్లు కట్టడం అయింది. నారుమళ్లకు నీళ్లు పెట్టించాను. లాంతర్లు రెండూ తుడిచాను. అటుకులు అటక మీదికి చేరాయి.

కుమారీ,

మరిదిగారు చూసుకుంటారని రాశావు, అంతకంటే నాకు కావలసింది లేదు. నీ ఉత్తరం మిగతాది మాత్రం నాకు అర్థం కాలేదు. మీ బావ చిక్కిన మాట నిజమే. ఎందుకని అడిగితే ఎండ అంటారు.

నిన్న చెంచమ్మ చేపలు తెచ్చింది. నీకు గుర్తుందా, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడిసె, పోలేరయ్య భార్య. నువ్వు చిన్నప్పుడు ఆమె దగ్గర రొయ్యలు దొంగిలించి తన్నులు తిన్నావు. తట్ట దించి కూర్చొని, "అక్కా, ఈ ఏడు గూడా మమ్మల్ని మిద్దె ఎక్కిస్తావా?" అన్నది.

"గుడ్డ వస్తే ఎక్కిస్తా."

"మా ఆయన రానంటా ఉండాడు. పోయినేడు మేం మిద్దె మీద కూసోని ఉంటే ఎవడో వల ఎత్తుకపొయ్యినాడంట."

"వల పోతే నేసుకోవచ్చు."

"నువ్వు నేస్తావా? సూది పట్టుకోను గూడా రాదు నీకు" అని నవ్వింది. తర్వాత తన అత్త కామమ్మకు మోకాళ్లు పని చేయడంలేదని, ఏటి ఒడ్డు నుంచి బడిదాకా మోసుకొని రావాలంటే ముందుగా తెలియాలని, చివరి గడియలో చెబితే కుదరదని చెప్పింది. అది సరైన మాటే. ఇసకలో ముసలిమనిషిని మోసుకొని అంత దూరం రావడం పట్టపగలే కష్టం.

నేను ఆమెకు ఒక మాట ఖాయంగా చెప్పాను. "మబ్బు చూసి, గాలి చూసి బెదిరిపోవద్దు చెంచీ. మా మరిది తంతి ఆఫీసులో ఉన్నాడు. గుడ్డ వస్తే లేవండి. గుడ్డ రాలేదా, హాయిగా పడుకోండి" అని. వీధిలోనూ అందరికీ అలాగే చెప్పాను. దీంతో ఊరికే లేపుతుందన్న మాట ఉండదు, మీ బావకూ నెమ్మదిగా ఉంటుంది.

అక్క.

*

(కార్డు)
బిట్రగుంట,
26-10-62, సాయంత్రం.

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం. గాలి కొంచెం ఉంది. మీ అటక గట్టిదేనా? దూలాలు వేయించానన్నావు గదా. బావను పొలం వైపు పోవద్దని చెప్పు. ఊరికే రాశాను.

కుమారి.

*

గుమ్మడిపాళెం, బడి మిద్దె నుంచి,
2 నవంబరు 1962.

కుమారీ,

మేమిద్దరం ప్రాణాలతో ఉన్నాము. ఇది ముందు రాస్తున్నాను, నువ్వు భయపడకూడదని.

శనివారం పగలంతా ముసురు. సముద్రం చప్పుడు ఇంట్లోకి వినబడుతూ ఉంది. అయినా గంగాధరం పొద్దున వట్టి క్యానుతో వచ్చాడు, కాబట్టి నిబ్బరంగా ఉన్నాను. దీపాలు పెట్టే వేళకు పోలేరయ్య వల భుజాన వేసుకొని గుమ్మం ముందుకు వచ్చాడు. మీ బావ అరుగు మీద కూర్చొని లాంతరు చిమ్నీ తుడుస్తున్నారు.

"అక్కా, గుడ్డొచ్చిందా?"

"రాలేదయ్యా."

"గాలి బాగలేదు. ఏరు గూడా మట్టివాసన కొడతా ఉంది."

"వచ్చేదైతే మా మరిది పంపకుండా ఉంటాడా? పోయి పడుకో" అన్నాను.

"నువ్వంటే సరే" అని వెళ్లిపోయాడు.

రాత్రి గాలి తిరిగింది. ఎగువ నుంచి ఏరు, దిగువ నుంచి సముద్రం ఒక్కసారే వచ్చాయి. మేము నడుములోతు నీళ్లలో తాడు పట్టుకొని బడి మిద్దె చేరాము. వీధిలో అందరం చేరాము, జీవానందం గారి కుటుంబంతో సహా. ఆ తాడు లేకపోతే చేరేవాళ్లం కాదు. ఏటి ఒడ్డు ఇళ్లకు మా అరుపు వినబడే దారి లేదు.

పోలేరయ్య చెంచమ్మనూ తల్లినీ గుడిసె కప్పు మీదికి ఎక్కించాడు. కప్పు కొట్టుకుపోయి మొగలి పొదల్లో ఆగింది. వాళ్లిద్దరూ బతికారు. అతను పడవ తాడు విప్పడానికి దిగాడు. సోమవారం మొగ దగ్గర ఇసకలో దొరికాడు.

చెంచమ్మ నన్ను చూసి ఏడవలేదు. "నీ గుడ్డ రాలేదని పడుకున్నాం అక్కా. లేకుంటే మజ్జానమే లేసి వచ్చుండేవాళ్లం, ఆయన లేద్దామనే అన్నాడు" అన్నది. అంతే అన్నది.

ఇంటి గోడలు రెండు పడ్డాయి. నారుమళ్లు ఇసక కింద ఉన్నాయి. గాదెలో విత్తనాలు తడిసి మొలకెత్తి కుళ్లిపోయాయి. గుడ్డ వస్తే మొదట చేసే పని విత్తనాలు అటక ఎక్కించడమే, అది చేయలేదు. ఎద్దులు ఉన్నాయి, ఆవు లేదు.

మరిదిగారిని నేను తప్పు పట్టను. తంతి వచ్చి ఉండదు. వస్తే ఆయన పంపకుండా ఉండే మనిషి కాదు. మీ బావ నాలుగు రోజులుగా మాట్లాడడం లేదు. ఆయన మనసు చాలా మెత్తన.

ఎలిశబెతు.

*

బిట్రగుంట,
8-11-62.

అక్కా,

నీ ఉత్తరం చదివి ఈ ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు.

తంతి రాలేదక్కా. స్తంభాలు పడిపోయాయి, లైను తెగిపోయింది. ఈయన ఎంతగానో కొట్టుకున్నారు. ఏం చేస్తాం, దేవుడి చిత్తం అనుకోవాలి.

రెండు బస్తాల విత్తనాలు, మంచి మొలగొలుకులు, కావలిలో కొని గూడ్సులో తలమంచికి వేయిస్తున్నాం. వచ్చే వారం అందుతాయి. ఆలస్యమైనా మళ్లీ నారు పోసుకోండి. ఇది బాకీ అనుకోకు, అలా అనుకుంటే నా మీద ఒట్టు. నువ్వు నన్ను పెంచినదానికి ఇదెంత?

పాత చీరలు నాలుగు పెట్టాను, చెంచమ్మకు ఇవ్వు. నా పేరు చెప్పకు.

కుమారి.

*

గుమ్మడిపాళెం,
19 నవంబరు 1962.

ఈ రోజు పనులు: బండి కట్టించుకొని తలమంచి స్టేషనుకు పోయి విత్తనాలు తెచ్చాను. నానబెట్టాను. చీరలు ఇవ్వలేదు.

ఆనందకుమారికి,

విత్తనాలు ముట్టాయి. రెండు బస్తాలు, తూకం సరిగా ఉంది, గింజ మంచిది. మీ బావకు జ్వరమని నేనే పోయాను.

అక్కడ పాయింట్లు మార్చే పెంచలయ్య బస్తాలు బండికెత్తాడు. ఎప్పుడూ గుడ్డను గార్డు దగ్గర తీసుకొని గంగాధరానికి ఇచ్చేది అతనే గదా. నేను ఏమీ అడగలేదు. అతనే, "శుక్రవారం పొద్దుగూకేటప్పటికే మాకు తెలుసు గదమ్మా, మీ ఊరికి అట్టా ఎట్టయ్యింది?" అన్నాడు.

"ఏం తెలుసు?"

"తుఫాను వస్తా ఉందని. బిట్రగుంట నుంచి స్టేషన్లన్నిటికీ చెప్పినారు. మా స్టేషను బాబు తన పిల్లల్ని ప్యాసింజరెక్కించి నెల్లూరు పంపించినాడు. నేను గార్డును అడిగినా, గుడ్డేదయ్యా అని. ఈరోజు ఇయ్యలేదన్నాడు. ఇయ్యలేదంటే మీ పక్కకి రాదేమోలే అనుకున్నా."

తిరిగి వస్తూ గంగాధరం ఇంటి దగ్గర బండి ఆపించాను. అతను తల దించుకున్నాడు. "స్టేషన్లో అనుకుంటా ఉండారమ్మా. గుడ్డ లేంది నేనేం చెప్పేది? పోయినేడు మీతోపాటు నన్ను గూడా తిట్టినారు, పాలు పోసేవాడికి తుఫానెందుకురా అని" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నీ కార్డు ఉంది. తపాలా సంచి ఇన్నాళ్లూ ఎక్కడో చిక్కుకుపోయిందట. అక్టోబరు ఇరవై ఆరు, శుక్రవారం సాయంత్రం అని నువ్వే వేశావు. మా అటక గట్టిదేనా అని అడిగావు.

లైను తెగిపోయిందని రాశావు. తెగింది శనివారం రాత్రి అని పెంచలయ్య చెప్పాడు.

నాకు తెలియవలసింది ఒక్కటే. గుడ్డ ఎందుకు రాలేదు? ఉన్నది ఉన్నట్టు రాయి. దేవుడి చిత్తం సంగతి నేను ఆయన్ను అడుగుతాను, నువ్వు నీ సంగతి చెప్పు.

ఎలిశబెతు.

*

బిట్రగుంట,
3-12-62.

అక్కా,

ఇది నాలుగోసారి రాయడం, మొదటి మూడూ చించేశాను.

ఆగస్టులో బావ వచ్చినప్పుడు నువ్వు ఉతికి పంపిన గుడ్డలు తీసి బల్ల మీద పెట్టారు. ఈయన ఎదురుగానే అన్నారు: "మీ అక్క చెడ్డది గాదు కుమారీ. ఈ గుడ్డ వచ్చిందంటే ఆగదు, అంతే. ఊరంతా లేపుద్ది. పోయినేడు నాట్లు ఆగిపోతే కూలోళ్లు మళ్లీ రాలా. 'ఇంట్లో ఆడమనిషిని ఆపలేనోడివి సంఘం లెక్కలేం చూస్తావు' అని జీవానందం నా మొహానే అన్నాడు. ఈ ఒక్క ఏడు పంపొద్దండి. నిజంగా వచ్చేదైతే మబ్బు చూస్తే నాకు తెలీదా?"

ఈయన ఒప్పుకోలేదు. అప్పుడు బావ నావైపు తిరిగి, "నిన్ను పెంచినోణ్ణి అడగతా ఉండా. ఎప్పుడన్నా ఏదన్నా అడిగినానా నిన్ను?" అన్నారు. కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నేను సరేనన్నాను. నీకు చెప్పవద్దన్నారు, దానికీ సరేనన్నాను.

ఇంతవరకే రాసి ముగిద్దామనుకున్నాను. కానీ ఇంకొకటి ఉంది.

ఆ శుక్రవారం తంతి మధ్యాహ్నం వచ్చింది. ఈయన ఇంటికి పరుగెత్తుకొచ్చి గుడ్డ తీశారు. "మీ బావకిచ్చిన మాట తర్వాత చూసుకుందాం, ఇది పెద్దదిగా ఉంది" అన్నారు. గుమ్మం దాటుతుంటే నేనే చేతిలోంచి లాక్కున్నాను. మద్రాసు వైపు పోతుందనుకున్నాను. మూడుసార్లూ పోయింది గదా. నాలుగోసారి కూడా పోతే బావ ఆ జీవానందం ముందు మళ్లీ ఎలా నిలబడతారు అనుకున్నాను. కొత్త పెద్దబాబు గుడ్డ సంగతి పట్టుకుంటే ఈయన్ను ఎక్కడికి బదిలీ చేస్తాడో అని కూడా అనుకున్నాను. అన్నీ అనుకున్నాను అక్కా. పోలేరయ్యను అనుకోలేదు. వాళ్లింటికి గుడ్డతో సంబంధం ఉందన్నదే నాకు గుర్తు రాలేదు.

అంతా నీ మంచికే అనుకున్నాం. నిన్ను అందరూ తుఫానమ్మ అంటుంటే మాకు బాధ కాదా?

బావను ఏమీ అనకు. కావలిస్తే నన్ను అను.

కుమారి.

*

గుమ్మడిపాళెం,
16 డిసెంబరు 1962, ఆదివారం.

ఆనందకుమారికి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు మీ బావ వంటింటి గోడకు మట్టి పెడుతున్నారు.

"కుమారి ఉత్తరం వచ్చింది" అన్నాను.

"ఏం రాసింది?"

"మీరు చెప్పాల్సింది రాసింది."

చేతిలో మట్టి ముద్ద అలాగే ఉంది. "నువ్వు నలుగురిలో నవ్వులపాలు కాకూడదని..." అన్నారు.

"నవ్వులపాలయ్యానని నేనెప్పుడన్నా మీ దగ్గర ఏడ్చినానా?"

ఆయన మట్టి ముద్దను గోడకు అద్దారు.

నా మంచికి అని ఇద్దరూ ఒకే మాట అంటున్నారు. నా మంచి ఏమిటో నన్నడిగితే నిమిషంలో చెప్పేదాన్ని. గుడ్డ పంపడం మీకు ఇష్టం లేకపోతే ఆ మాటన్నా చెప్పి ఉండవలసింది. ఈ ఏడు గుడ్డ రాదు అని ఒక్క కార్డు రాస్తే సరిపోయేది. నేను కోపపడేదాన్ని, నెల రోజులు మాట్లాడేదాన్ని కాదు, తర్వాత వేరే దారి చూసుకునేదాన్ని. చెంచమ్మతో, "ఈ ఏడు కబురు లేదు, నీ మబ్బు నువ్వే చూసుకో" అనేదాన్ని. పోలేరయ్యకు మబ్బు చూడడం రాదా? నలభై ఏళ్లు ఏటి మీద బతికినవాడు. గాలి బాగలేదని నా గుమ్మంలో నిలబడి చెప్పాడు. మీరు కబురు ఆపారు, కబురు వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం నా చేతిలో అలాగే ఉంచారు. ఆ నమ్మకంతోనే నేను అతన్ని పడుకోమన్నాను.

ఇక మీ బావ సంగతి. ఆ సాయంత్రం ఆయన అరుగు మీదే ఉన్నారు. గుడ్డొచ్చిందా అని అతను అడిగాడు, రాలేదని నేను చెప్పాను. తుఫాను వచ్చినా రాకపోయినా గుడ్డ మా ఇంటికి చేరదని తెలిసిన మనిషి నాకు నాలుగడుగుల దూరంలో చిమ్నీ తుడుస్తున్నారు. వద్దన్నది ఆగస్టులో, అది నేను ఏదో ఒక రోజు మరిచిపోగలనేమో. ఆ సాయంత్రం నోరు విప్పకపోవడం ఉంది చూడు, అది నాకు మింగుడుపడడంలేదు.

చెంచమ్మకు మీరే చెప్పండి అని ఆయనకు వారం గడువిచ్చాను. రోజూ ఆ వైపు నడిచేవారు, తిరిగి వచ్చేసేవారు. ఈ రోజు ఆరాధన అయిన తర్వాత నేనే ఆయన్ను వెంటబెట్టుకొని వెళ్లాను. వాళ్లు బడి వెనక తాటాకు పంచలో ఉంటున్నారు. ఉన్నదంతా చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను.

చెంచమ్మ వల విప్పుతూ విన్నది. నన్ను ఏమీ అనలేదు. ఆయన వైపు చూసి, "నువ్వు ఆడనే ఉండావు గదయ్యా" అన్నది.

ఆయన అక్కడే కూర్చుండిపోయారు. ముసలి కామమ్మకు సరిగా వినబడదు, "ఎవురు? కృపాదానమా? మంచోడు, కూసోమను" అన్నది. నేను ఇంటికి వచ్చేశాను.

నీ చీరలు తిప్పి పంపుతున్నాను. ఎవరు పంపారో చెప్పకుండా ఇవ్వడం నావల్ల కాదు, చెప్పి ఇస్తే ఆమె కట్టుకోదు.

ఎలిశబెతు.

*

బిట్రగుంట,
30-1-63.

అక్కా,

క్రిస్మసు పోయింది, కొత్త ఏడూ వచ్చింది, నీ నుంచి అక్షరం లేదు. చీరల మూట మాత్రం వచ్చింది. నేను దాన్ని విప్పలేదు.

ఈయన డ్యూటీకి పోయేటప్పుడు వస్తానని చెప్పడం మానేశారు. గుడ్డ నా చేతిలో ఉన్నప్పుడు ఆయన నన్ను తోసేసి పోవలసింది, పోలేదు. ఇప్పుడు అది నాకు చెప్పరు, నేను ఆయనకు చెప్పను. మధ్యలో భోజనం పెడుతూ ఉంటాను.

వచ్చే వానల నుంచి ఎవరేమన్నా గుడ్డ పంపుతాం అక్కా. ప్రమాణం చేసి రాస్తున్నాను. ఈస్టరుకు వస్తాను, నీ ఎదురుగా కూర్చుంటాను. నువ్వు కొట్టినా సరే. రానిస్తావా? చెల్లెల్ని కాకపోతే పెంచుకున్న బిడ్డననుకో.

కుమారి.

*

గుమ్మడిపాళెం,
20 ఏప్రిల్ 1963, శనివారం.

ఈ రోజు పనులు: వడ్లు తూర్పారబట్టించి బస్తాలు కుట్టాను. బండి తలమంచికి పంపాను. కళ్లం ఊడ్చాను.

శ్రీమతి ఆనందకుమారి గారికి,

మీ జనవరి ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. కోతలు కాకుండా రాయదలచలేదు. ఈస్టరుకు మీరు రాకపోవడం మంచిదైంది. నేను ఆ రోజు పొలంలో ఉన్నాను.

వచ్చే వానలకు గుడ్డ పంపుతామని రాశారు. అవసరం లేదు. ఇక్కడ ఏర్పాటు మార్చుకున్నాము. వానల నెలల్లో పెంచలయ్య ప్రతిరోజూ ఒక గుడ్డ ఇస్తాడు. ఏమీ లేకపోతే తెల్లది, ఉంటే ఎర్రది. గంగాధరం పాలు ఉన్నా లేకపోయినా ఆ గుడ్డ కోసం పోయి వస్తాడు. ఏ రోజైనా మధ్యాహ్నంలోపు ఏ గుడ్డా రాకపోతే ఎవరినీ ఏమీ అడగకుండా అందరం మిద్దె ఎక్కుతాము. ఇది చెంచమ్మ చెప్పిన పద్ధతి. "రాలేదంటే బాగుండామని కాదు అక్కా, రాలేదంటే రాలేదనే" అన్నది. జీవానందం గారు సంఘంలో ఇది చదివి వినిపించి, చెయ్యెత్తమన్నాడు. తుఫానమ్మ అన్న మాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అంటే నాకు బాగుండును.

చెంచమ్మ గుడిసె బడి పక్క మెరక మీద వేశారు. మీ బావగారు సంఘం లెక్కలు వదిలేశారు, రోజూ అక్కడికే పోయి నిట్రాళ్లు పాతారు, కప్పు వేశారు. చెంచమ్మ వద్దనలేదు, నీళ్లు కూడా ఇవ్వలేదు. ఇంట్లో మేము కావలసినంత మాట్లాడుకుంటాము. ఉప్పు, ఎద్దులు, నీటి తడి. అంతకు మించి లేదు.

మీ విత్తనాలు బాగా పండాయి, అది అబద్ధం చెప్పను. అప్పు విత్తనానికి కోతలయ్యాక సగం కలిపి ఇవ్వడం మా వీధి పద్ధతి. బస్తాలు బండికెత్తుతూ మీ బావగారు, "మూడెందుకు, మనోళ్లే గదా?" అన్నారు. నేను మూడోది కూడా ఎత్తించాను. బాకీ అనుకోవద్దని మీరు ఒట్టు పెట్టారు. నేను అందుకున్న రోజునే బాకీ కింద రాసుకున్నాను.

నవంబరులో అందిన విత్తనాలు రెండు బస్తాలు. ఈ రోజు గూడ్సులో మీ పేర వేసినవి మూడు బస్తాలు. బాకీ చెల్లు.

ఎలిశబెతు